కొట్టేసిన ప్రార్థన అంశం

మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడంలో, అంటే దేవుడు చేసిన మేలుని లేచి అందరిముందూ చెప్పడంలో, నాకు మంచి పేరుంది. గొప్పకి చెప్పడం లేదు అని రాయబోయి ఆగాను. గొప్పకే చెబుతున్నాను. ఆదివారం ఆరాధనలో సాక్ష్యానికి మనిషికి మూడు నిమిషాలని పాస్టరు అయ్యగారు ఎంత గట్టిగా చెప్పినా నాకు పది నిమిషాలు పడుతుంది. మధ్యలో రెండుసార్లు గొంతు జీరబోతుంది. ఎక్కడ జీరబోవాలో నాకు భవానీపురంలో స్కూటరెక్కి పటమటలో చర్చి దగ్గర దిగేలోపలే తేలిపోతుంది. వెనక కూర్చుని సాధన చేసుకుంటూ ఉంటాను. ముందు బండి నడుపుతున్న మా ఆయన హెల్మెట్‌లోంచి, "ఇవాళ ఏడుపు బెంజి సర్కిల్ దగ్గరే మొదలైందే" అంటాడు.

అంత పేరున్నదాన్ని కాబట్టే ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. "అమెరికాలో స్థిరంగా ఉండి పరిశోధన చేసుకునే అనుమతిని దేవుడు నాకు అనుగ్రహించాడు. పొందుకున్నాను. ఆయనకే మహిమ" అన్నాను. సంఘమంతా హల్లెలూయ అంది. కీబోర్డు ఒక సుడి తిరిగి ఆగింది.

నాకు వచ్చింది రసీదు.

అర్జీ అందిందని, దానికి ఫలానా నంబరు ఇచ్చామని, చూడటానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేమని రాసి ఉన్న ఒక కాగితం. ఇంటికొచ్చాక మా ఆయన దాన్ని రెండువైపులా తిప్పి చూశాడు. ఆయన జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు, ఏ కాగితాన్నయినా జవాబుపత్రంలాగే చూస్తాడు.

"కరెంటు బిల్లు కట్టినా ఇలాంటిది ఇస్తారు. దానికి కూడా ఎవరైనా సాక్ష్యం చెప్పారా?" అన్నాడు.

"విశ్వాసంతో చెప్పాను."

"విశ్వాసంతోనా, పక్కావిడ మీద పోటీతోనా?"

నాకంటే ముందు లేచినావిడ తన కూతురికి మెడికల్ సీటు వచ్చిందని చెప్పి, చెమ్మగిల్లిన హల్లెలూయ ఒకటి సంపాదించుకుని కూర్చుంది. నేను లేచేటప్పటికి నా కాళ్ళని లేపింది ప్రార్థనాత్మ కాదు, ఆ హల్లెలూయే. అడిగినది దొరికిందని నమ్మి ముందుగానే కృతజ్ఞత చెప్పడం మా దగ్గర ఉన్న అలవాటే. దాన్ని నేను నమ్ముతాను, ఇప్పటికీ నమ్ముతాను. కాని అలా చెప్పేవాళ్ళు "నమ్ముతున్నాను" అంటారు. రసీదుని చూపించి అనుమతి అనరు.

అసలు ఆ అర్జీ సంగతి చెప్పాలి. నేను అక్కడ ఒక యూనివర్సిటీలో రొయ్యల జబ్బుల మీద పీహెచ్‌డీ చేశాను. రొయ్యకి తెల్లమచ్చ వైరస్ సోకిందో లేదో చెరువుగట్టు మీదే చెప్పేసే చిన్న కాగితపు పట్టీ తయారుచేయడం నా పని. గర్భపరీక్ష పట్టీ లాంటిదే, కాకపోతే ఇక్కడ రెండు గీతలు కనిపిస్తే ఎవరూ సంతోషించరు. సైన్సు, ఇంజనీరింగు చదివిన విదేశీయుల్ని అక్కడ చదువయ్యాక మూడేళ్ళు పనిచేసుకోనిస్తారు. ఆ మూడేళ్ళలో ఉద్యోగమిచ్చిన కంపెనీ మన పేరు ఉద్యోగ వీసాకి పంపాలి. దేశమంతటా కంపెనీలు పంపిన పేర్లలోంచి చీటీలు తీస్తారు. నా చీటీ మూడేళ్ళూ రాలేదు. క్రిస్మస్‌కి సంఘంలో ఎవరు ఎవరికి కానుకివ్వాలో తేల్చడానికి చీటీలు వేసుకుంటాం. అందులో ఏటా నాకు అయ్యగారి పేరే వస్తుంది. నా అదృష్టమంతా అక్కడే ఖర్చయిపోయిందేమో.

గడువు ముగిశాక విజయవాడ వచ్చేశాను. పెళ్ళయింది. ఒక కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. కాని ఆ యూనివర్సిటీ ల్యాబులో సగంలో వదిలేసిన రెండో పట్టీ ఒకటుంది, రొయ్యకి వచ్చే ఇంకో జబ్బుది. దాన్ని పూర్తిచేయాలన్న కోరిక నన్ను వదల్లేదు. మిగిలింది ఒక్కటే దారి. పెద్ద చదువు చదివినవాళ్ళు, ఏ కంపెనీ తోడూ లేకుండా, తమ పని ఆ దేశానికి అవసరమని రుజువుచేసి తమకోసం తామే అర్జీ పెట్టుకోవచ్చు. కైకలూరు రొయ్య జబ్బు పడితే అమెరికాకేం పోయింది అంటారా? ఆ రొయ్యని తినేది వాళ్ళే మరి. నా అర్జీ అంతా ఆ ఒక్క ముక్క మీద నిలబడింది.

అర్జీ ఆమోదమైతే మాత్రం వెంటనే విమానమెక్కడం కుదరదు. మనం పుట్టిన దేశాన్ని బట్టి ఒక వరస ఉంటుంది, మనవాళ్ళ వరస చాలా పొడవు. ఆమోదం వస్తే ఆ వరసలో చోటు దొరుకుతుంది. కాదంటే అదీ లేదు, నాకింకో దారీ లేదు. ఈ సంగతి మా వకీలు మొదటిరోజే చెప్పారు. ఆయన గన్నవరం దగ్గరివారే, అక్కడ స్థిరపడి ఇలాంటి అర్జీలు చూస్తుంటారు. ఆయన చెప్పింది నేను విన్నాను. నా చెవులు శుభవార్తకి అలవాటుపడ్డవి కాబట్టి ఆమోదం దగ్గర ఆగిపోయి, వరస దాకా వెళ్ళలేదు.

అర్జీకి సిఫారసు ఉత్తరాలు కావాలి. నా పని తెలిసిన పెద్దలు నన్ను పొగుడుతూ రాయాలి. మా ప్రొఫెసర్‌కి రాస్తే ఆయన ఒక్క వాక్యంలో జవాబిచ్చారు: నువ్వే రాసి పంపు, సంతకం పెడతాను. మిగతా ఐదుగురూ అదే అన్నారు. ఇది అక్కడ మామూలేనట. ఎవరి పొగడ్త వాళ్ళే రాసుకోవాలి.

ఇక్కడ నా పెంపకం అడ్డొచ్చింది. మా నాన్నగారు సండే స్కూలు సూపరింటెండెంటు. కంఠత వాక్యాల పోటీలో నూటికి నూరు చెప్పినా, "నేనే ఫస్టు" అన్న పిల్లకి ప్రైజు ఇచ్చేవారు కాదు. ఆ పిల్లని నేనే. రెండేళ్ళు వరసగా ప్రైజు పోగొట్టుకున్నాక నేర్చుకున్నాను: నేను అనకూడదు, మేము అనాలి. నా వల్ల అనకూడదు, కృప వల్ల అనాలి. అది ఒంట్లో ఎంత ఇంకిపోయిందంటే, కూర బాగుందని మా ఆయన అంటే "అంతా టమాటాలది" అంటాను.

కాబట్టి ఆరు ఉత్తరాల్లోనూ నన్ను నేను చాలా వినయంగా పొగుడుకున్నాను. "బృందం కనుక్కుంది." "ల్యాబు సాధించింది." ప్రొఫెసర్ పేరు మీద రాసిన ఉత్తరంలో అయితే, ఈ పనిలో ఆమె పాత్ర అల్పమైనదే అయినా నమ్మకమైనది అని రాశాను. అలా రాసుకున్నందుకు ఆ రోజంతా నాకు మనసు తేలిగ్గా ఉంది. ఆయన చదవకుండా సంతకం పెట్టేశారు. మిగతా ఐదుగురు ప్రొఫెసర్లూ అంతే.

వకీలు ఫోను చేశారు. "మేడమ్, మీ గురించి మీరే 'అల్పమైన పాత్ర' అని రాసి ప్రొఫెసర్ గారితో సంతకం పెట్టించారాండీ?"

"అతిగా చెప్పుకోవడం బాగుండదని..."

"ఇది అతిగా చెప్పుకునే అర్జీయేనండీ. దానికోసమే ఫారం పెట్టారు."

"ఉన్నదే చెప్పాలి కదండీ."

"ఉన్నది చెప్పమనే నేనూ అనేది. మీరు లేనిది చెబుతున్నారు. మీ స్టేట్‌మెంట్ చివర సగం పేజీ దేవుడికి వందనాలు రాశారు. తీసేశాను, ఏమీ అనుకోకండి. ఆయన ఈ అర్జీలో పార్టీ కాదు."

అనుకున్నాను. లోకస్థుడు, విశ్వాసం సంగతి ఏం తెలుసులే అనుకుని, ఉత్తరాలు మార్చనన్నాను. రెండు మూడుసార్లు చెప్పి చూసి, ఆయన అలాగే పంపేశారు. రసీదు వచ్చింది. ఆ తరవాతి ఆదివారమే నేను లేచింది.

ఇప్పుడు వెనక్కి చూసుకుంటే నవ్వొస్తుంది. అతిగా చెప్పుకోమన్న చోట తల వంచుకున్నాను, తల వంచుకోవాల్సిన చోట అతిగా చెప్పుకున్నాను. గుడిలో ముందు నిలబడి తన మంచితనాన్ని లెక్కచెప్పిన మనిషీ, వెనక నిలబడి రొమ్ము కొట్టుకున్న మనిషీ వేరువేరని చిన్నప్పుడు బైబిల్లో చదువుకున్నాను. ఇద్దరూ నాలోనే ఉన్నారు, కాకపోతే చోట్లు మార్చుకున్నారు.

సాక్ష్యం ఫలితాలు వెంటనే మొదలయ్యాయి. ఎలాగూ వెళ్ళిపోతున్నానని సండే స్కూల్లో నా తరగతిని ఇంకొకరికి ఇచ్చేశారు. స్త్రీల సమాజం వాళ్ళు వీడ్కోలుగా ఒక శాలువా కప్పి, పెట్టె బరువు తూచే కొక్కెం ఇచ్చారు. నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. ఆరాధనయ్యాక చెప్పులు వేసుకునే చోట ఎవరో ఒకరు అడిగేవారు.

"ఇంకా ఇక్కడే ఉన్నావేంటమ్మా?"

"టిక్కెట్లు చూస్తున్నామండీ."

టిక్కెట్లు చూడటం అబద్ధం కాదు. నిజంగానే ఫోనులో చూసేదాన్ని, ఆ మాట అబద్ధం కాకూడదని.

అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం మాత్రం నోటుబుక్కులో జరిగింది. స్త్రీల సమాజానికి కార్యదర్శి ఒక పెద్దావిడ. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, మేమంతా ఆంటీగారు అంటాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఆవిడ ఒక పొడుగు నోటుబుక్కు తెస్తారు. ఎడమపేజీలో ప్రార్థన అంశాలు, కుడిపేజీలో స్తుతులు. వార్డులో రౌండ్లకి వెళ్ళినట్టు ఒక్కొక్క అంశం దగ్గరా ఆగి, "ఐదు ఎలా ఉంది? నడుస్తోందా? ఏడుకి కోర్టు వాయిదా ఎప్పుడు?" అని అడిగి, అప్పుడు ప్రార్థన చేయిస్తారు. నా అర్జీ మూడో అంశం. నేను సాక్ష్యం చెప్పాక వచ్చిన శుక్రవారమే ఆవిడ స్కేలు పెట్టి, ఆకుపచ్చ సిరాతో మూడోదాన్ని కొట్టేసి, కుడిపేజీలో స్తుతుల్లోకి ఎక్కించారు. నా ఎదుటే. నేను తల ఊపాను కూడా.

ఐదో నెలలో జవాబొచ్చింది. అనుమతీ కాదు, తిరస్కారమూ కాదు. మీరు పంపినవి చదివాం, అర్జీదారు స్వయంగా ఏం చేశారో అందులో కనిపించడం లేదు, పన్నెండు వారాల్లో ఆధారాలు పంపండి, లేకపోతే ఉన్నవాటిని బట్టి నిర్ణయిస్తాం అని రాశారు. ప్రొఫెసర్ ఉత్తరంలోంచి నా వాక్యాన్నే ఎత్తి చూపించారు: అర్జీదారు పాత్ర అల్పమైనదని ఆమె పర్యవేక్షకులే చెబుతున్నారు.

మా ఆయన చదివి, "వినయానికి ప్రైజు వచ్చింది" అన్నాడు. తరవాత నా మొహం చూసి కాఫీ పెట్టడానికి లేచాడు. ఆయన అలా తనంతట తానుగా కాఫీ పెట్టాడంటే పరిస్థితి బాగా లేదని అర్థం.

మొదట నాకు తోచింది నోటుబుక్కే. ఐదు నెలలుగా నా అర్జీ కోసం సంఘంలో ఒక్కరూ ప్రార్థన చేయలేదు. ఎందుకు చేస్తారు? వచ్చేసిందని నేనే చెప్పాను. ఎవరి కోడలి కాన్పుకో, ఎవరి షాపు తగాదాకో ఇరవైమంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఉంటే, వాళ్ళ మధ్యే నేనూ మోకాళ్ళ మీద ఉండి, నా సంగతి నేనొక్కదాన్నే లోపల గొణుక్కుంటున్నాను. దేవుడికి ఆంటీగారి నోటుబుక్కు అవసరం లేదని నాకు తెలుసు. అవసరం నాకు. నాకోసం ఇంకొకరు అడగడం అనేది ఎంత పెద్ద విషయమో, దాన్ని నా నోటితో నేనే కొట్టేయించుకున్నాకగాని తెలియలేదు.

వెళ్ళి ఆంటీగారికి చెప్పేస్తే అయిపోయేది. ఆ శుక్రవారం చెబుదామనే వెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసి, "ఎప్పుడమ్మా ప్రయాణం?" అన్నారు. "త్వరలోనేనండీ" అన్నాను.

వకీలు ఈసారి తిట్టలేదు. "ప్రొఫెసర్ల ఉత్తరాలు మళ్ళీ రాయిద్దాం. కాని అంతకంటే ముఖ్యం, మీ పట్టీ వాడినవాళ్ళెవరైనా ఉన్నారా? చెరువులున్నవాళ్ళు? వాళ్ళ మాటల్లో, మీరేం చేశారో. మీరు రాయొద్దు. దయచేసి మీరు మాత్రం రాయొద్దు" అన్నారు.

ఉన్నారు ఒకరు. కైకలూరు దగ్గర రొయ్యల చెరువుల రైతు. చదువుకునే రోజుల్లో రెండు వేసవులు నేను ఆయన చెరువుల మీదే పట్టీలు పరీక్షించాను. ఆయన పేరు వకీలుకి మొదట్లోనే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దానికి కారణం వినయం కాదు. మొదటి వేసవిలో నా పట్టీ ఆయన పెద్దచెరువు బాగుందని చెప్పింది. ఒకే గీత వచ్చింది, భయం లేదని నేను ఆయనకి చెప్పాను. నాలుగు రోజుల్లో చెరువులో రొయ్యంతా చచ్చి తేలిపోయింది. ఆ సంగతి ఆ దేశపు ఆఫీసరు ముందు పెట్టడం ఇష్టంలేక ఆ రైతునే నా కథలోంచి తీసేశాను.

శనివారం గుడివాడ మీదుగా బస్సులో వెళ్ళాను. రోడ్డుకి రెండుపక్కలా చెరువులు, చెరువుల్లో నీళ్ళు చిమ్ముతూ ఏరేటర్లు. ఆయన గట్టు మీద షెడ్డులో మేత బస్తాల పక్కన కూర్చుని ఉన్నారు. కొంచెం బొద్దుగా అయ్యారు.

"రండి డాక్టరమ్మగారూ! అమెరికాలో ఉన్నారనుకుంటున్నా. ఇంత నల్లబడ్డారేంటండీ?"

"విజయవాడలోనే ఉంటున్నానండీ."

"అదీ సంగతి. కూర్చోండి. ఆ బస్తా మీద కాదు, అది తడి. కుర్చీ తెప్పిస్తా."

వచ్చిన పని చెప్పాను. నేను ఆ పట్టీ విషయంలో ఏం చేశానో మీ మాటల్లో ఒక ఉత్తరం కావాలి అన్నాను. ఆయన అర్థంకానట్టు చూశారు.

"మీరేం చేశారో మిమ్మల్నే అడిగితే పోయేదిగా?"

"అడిగారండీ. నేను సరిగ్గా చెప్పలేదట."

"అదేంటండీ, చదువుకున్నోళ్ళు! సరే రాసుకోండి. మొదట పెద్దచెరువు పోయింది."

నా పెన్ను ఆగింది. "అది అక్కర్లేదేమోనండీ."

"అక్కర్లేదంటే? అది లేకపోతే మిగతాది ఎక్కడినుంచి వస్తుందండీ? చెరువు పోయింది. మర్నాడు మీరొచ్చారు. మీ ప్రొఫెసర్లు రాలేదు, మీ ల్యాబువోళ్ళు రాలేదు. ఇదిగో ఈ షెడ్డులోనే నిలబడి, తప్పు నా పట్టీదేనండీ, నేను చెప్పబట్టే మీరు మందులు చల్లలేదు అన్నారు. మా బావమరిది మీ మీదకి లేచాడు, గుర్తుందా? మీరు కదల్లేదు. ఎందుకు తప్పిందో తెలిసేదాకా ఇక్కడే ఉంటానన్నారు. వెళ్ళిపోతే బాగుండునని మేమందరం అనుకున్నాం, మీరు వెళ్ళలేదు."

"మేము అప్పుడు..."

"మేమెవరండీ? మీరొక్కరేగా. బకెట్లు మోసుకుంటా మూడు వారాలు తిరిగారు. అప్పుడు తెలిసింది, మేం చెరువులో చల్లే సున్నం మీ పట్టీని మోసం చేస్తోందని. రొయ్య మొప్పని చెరువు నీళ్ళల్లో నలపకూడదు, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళల్లో నలపాలి అని కనిపెట్టింది మీరు. మా ఆవిడ వంటింట్లో గిన్నెలో కాచారు. ఆ గిన్నె ఇంతవరకూ మళ్ళీ వంటకి వాడలేదండీ, కంపు. అదీ రాసుకోండి."

రాసుకున్నాను. ఆ సున్నం సంగతి మా పరిశోధన వ్యాసంలో "మేము గమనించాము" అని ఉంటుంది. ఆ మేములో ఉన్నది నేనూ, బకెట్టూ, ఆవిడ గిన్నే.

"రెండో ఏడు మీరు మళ్ళీ వచ్చి చెరువు అడిగితే మా వాళ్ళంతా వద్దన్నారు" అన్నారాయన. "నేనెందుకు ఇచ్చానో తెలుసా? తప్పు చేసినోళ్ళు చాలామందొస్తారండీ ఈ గట్టు మీదకి. రొయ్యపిల్ల సీడు అమ్మినోడు, మందు అమ్మినోడు. తప్పు నాది అని చెప్పడానికి వచ్చింది మాత్రం మీరొక్కరే. అలాంటి మనిషి ఈసారి బాగుందంటే బాగుంటుందని ఇచ్చా. ఆ ఏడు రెండు గీతలొచ్చాయి, ముందే పట్టేశాం, రొయ్య దక్కింది. చుట్టుపక్కల చెరువులోళ్ళు ఇప్పటికీ గిన్నెల్లో నీళ్ళు కాచుకుంటున్నారు. చాలా? ఇంకేమన్నా కావాలా?"

ఇంకేమీ అక్కర్లేదు. ఆ మాటే అనబోయాను. సాధన చేయకుండా గొంతు జీరబోవడం నా అనుభవంలో అదే మొదటిసారి.

కైకలూరులో ఒక జెరాక్సు షాపులో ఆయన చెప్పింది చెప్పినట్టే తెలుగులో టైపు చేయించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, ఒకచోట వేలు పెట్టారు. "'ఆమె చాలా మంచి వ్యక్తి' అని నేననలేదే?"

"నేను కలిపానండీ."

"తీసేయండి. నేను చూసిందే ఉండాలి."

తీసేశాను. ఆరుగురు ప్రొఫెసర్లూ చదవకుండా సంతకం పెట్టిన చోట, ఆయన ఒక్కరే చదివి పెట్టారు.

బస్సులో తిరిగొస్తుంటే నేను పొంగిపోయి ఉండాల్సింది. ఉత్తరం ఒళ్ళో పెట్టుకుని గుడివాడ దాకా ఒకటే ఆలోచన. చెరువు పోగొట్టుకున్న మనిషి ముందు, ఆయన బావమరిది మీదకి లేస్తుండగా, తప్పు నాదే అని చెప్పగలిగాను. నాకు శాలువా కప్పి కొక్కెం ఇచ్చిన ఆడవాళ్ళ ముందు చెప్పలేకపోతున్నాను. గట్టు మీద నాకు పేరు లేదు కాబట్టి పోయేదేమీ లేదు. సంఘంలో పేరుంది. ఆ పేరు పది నిమిషాల సాక్ష్యాల మీద కట్టుకున్నది.

ఉత్తరం అనువాదం చేయించి, ప్రొఫెసర్ ఉత్తరం మళ్ళీ రాయించి, ఈసారి ఆయన్ని చదవమని బతిమాలి, అన్నీ వకీలుకి పంపాను. చెరువు పోయిన సంగతి ఉంచాలా అని అడిగాను. "ఉంచుదాం మేడమ్. ఇన్ని అర్జీల్లో నేను నమ్మిన ఉత్తరం ఇదొక్కటే" అన్నారు. జవాబు వెళ్ళింది.

మర్నాటి ఆదివారం స్కూటరు వెనక నేను ఏ సాధనా చేయలేదు. బెంజి సర్కిల్ దగ్గర మా ఆయన తల తిప్పి, "బతికే ఉన్నావా?" అని అడిగాడు.

సాక్ష్యాల సమయంలో లేచాను. అయ్యగారు గడియారం చూసుకుని చేతులు కట్టుకున్నారు, పది నిమిషాలకి సిద్ధపడి.

"ఐదు నెలల కిందట ఇక్కడ నిలబడి నాకు అనుమతి వచ్చిందని చెప్పాను. రాలేదండీ. వచ్చింది అర్జీ అందిందన్న రసీదు. అది నాకప్పుడే తెలుసు. తెలిసే చెప్పాను. విశ్వాసంతో చెప్పాననుకున్నాను గాని, మీరు హల్లెలూయ అంటారని చెప్పాను. ఇప్పుడు వాళ్ళు ఆధారాలు అడిగారు, పంపాను. ఇస్తారో లేదో తెలియదు. క్షమించండి."

కూర్చున్నాను. కీబోర్డు ఏం వాయించాలో తెలియక ఊరుకుంది. వెనక వరసలోంచి ఒక గొంతు వచ్చింది, ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు నడిపే పెద్దాయనది.

"మాకు తెలుసులేమ్మా. వీసా వచ్చినోళ్ళు ఇన్ని ఆదివారాలు వరసగా చర్చికొస్తారా ఎక్కడన్నా?"

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు మొదలై మగవాళ్ళ వైపు పాకింది. మా ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు. అయ్యగారు గడియారం వైపు చూసి, "సిస్టర్ గారు ఒక నిమిషంలో ముగించారు. ఇది మాత్రం నిజమైన అద్భుతమే" అని, తలలు వంచమన్నారు. ప్రార్థనలో నా పేరు ఎత్తలేదు. అతిశయం గురించి మాత్రం కాస్త ఎక్కువసేపే చేశారు.

బయట చెప్పుల దగ్గర ఆంటీగారు నన్ను పట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. సంచిలోంచి నోటుబుక్కు తీశారు.

"ఐదు నెలలు ఊరికే స్తుతులు చదివించావు కదే నాచేత."

"తప్పేనండీ. మళ్ళీ ఎక్కించండి."

ఆవిడ కుడిపేజీలో నా పేరు కొట్టేసి, ఎడమపేజీ చివర రాయడం మొదలుపెట్టారు.

"ఆంటీ, ఇంతకుముందు మూడోదాన్ని కదండీ."

"మూడోది కొట్టేశాగా. ఇప్పుడక్కడ మోకాలి ఆపరేషన్ ఉంది. నీ ముందు పద్నాలుగు ఉన్నాయి. ఆగు."

ఆగాను. ఒక్కో శుక్రవారం పద్నాలుగు అంశాల మీదుగా, కాన్పులూ కీళ్ళూ వాయిదాలూ దాటుకుంటూ పదిహేనో అంశం దగ్గరికి చేరేటప్పటికి ఉపవాసంతో అందరి గొంతులూ పీలగా అయిపోయేవి. అయినా ఇరవైమందీ నాకోసం అడిగేవారు. వాళ్ళకి రొయ్య జబ్బు సంగతి తెలియదు, ఆ దేశం ఫారాల సంగతి తెలియదు. "ప్రభువా, ఈ పిల్ల కాగితం" అనేవారు, అంతే.

కొన్ని వారాలకి ఒక ఉదయం కాలేజీకి బయల్దేరుతుంటే వకీలు ఫోను చేశారు. అర్జీ ఆమోదమైంది. "కంగ్రాట్స్ మేడమ్. మొదట్లో నేను చెప్పింది గుర్తుందిగా? ఇప్పుడు వరసలో మీకో చోటు ఉంది. మీ వంతు ఎప్పుడని మాత్రం నన్నడక్కండి" అన్నారు.

ఈసారి ఆ వాక్యం చివరిదాకా విన్నాను.

శుక్రవారం ఉపవాస ప్రార్థన మొదలవకముందే ఆంటీగారి దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమోదమైంది, కాని వెళ్ళడం లేదు, వరస ఉంది, ఏళ్ళు పట్టచ్చు, అసలు పిలుస్తారో లేదో కూడా తెలియదు అన్నాను. ఆవిడ అంతా విని, స్కేలు తీశారు, ఆకుపచ్చ పెన్ను తీశారు. నా పేరు దగ్గర స్కేలు పెట్టి కాసేపు ఆలోచించారు. తరవాత స్కేలు మళ్ళీ సంచిలో పెట్టేశారు.

"ఇక్కడే ఉండనీలేమ్మా. మళ్ళీ నువ్వేం చెబుతావో, నేనేం కొట్టేస్తానో."

"మరి స్తుతి?"

"స్తుతి నువ్వు ఇంట్లో చేసుకో. నీ ముందువి మూడు తీరాయి, ఇక్కడ ఇప్పుడు నీది పన్నెండు. వెనక్కి జరిగి కూర్చో, మోకాలామె వస్తోంది."